మాటలు ఒలిచిన పాట

పొద్దున ఆరు కాకముందే ప్రేమమ్మ వాకిట్లో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలిచేది. ఒలుస్తూ చర్చి పాట పాడేది. ఆ పాట అందరి పాటల్లా గాల్లో కలిసిపోయే రకం కాదు. పిల్లిలా ఇంట్లోకి నడిచిపోయి, చదువుకునే మనవరాలు క్రిస్టినా పక్కన ముడుచుకుని పడుకునేది. ఆత్మకూరు నుంచి పాలు తెచ్చే గోపన్న కూడా దాన్ని తొక్కకుండా పక్కకు దాటేవాడు.

అది 2006 ఎండాకాలం. క్రిస్టినా పదో తరగతి లెక్కల్లో అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే నర్సు కోర్సు మాట మరిచిపోయి నాపరాళ్ల పాలిష్ పనికి పోవాల్సిందే.

"జేజీ, నీ పాట పక్కనుంటే బుర్ర శానా బాగా నడుస్తాది. కానీ చూడు, ఏం రాసినానో!"

లెక్క సగం దాకా భేషుగ్గా ఉంది. జవాబు ఉండాల్సిన చోట మాత్రం 'హల్లెలూయ' అని ఉంది.

ప్రేమమ్మ పడీపడీ నవ్వింది. "మాటలు అడ్డమొస్తాండాయి మే. ఉండు, ఒలిచేస్తా."

ఒక్కొక్క మాటనే గోటితో చిదిపి, పొట్టుతో పాటు చేటలో వేసింది. వట్టి రాగం మిగిలింది. నలభై ఏళ్లు నోట్లో నానిన మాటలు మరి ఆమెకు తిరిగి రాలేదు. "పోనీలే, దేవునికి రాగం చాలదా?" అంది.

పరీక్షరోజు రాగం క్రిస్టినా ఒళ్లో కూర్చునే ఆటోలో వచ్చింది. పరీక్ష గది గుమ్మం దగ్గర దేవేంద్రప్ప సారు పిల్లల జేబుల్లో స్లిప్పులు వెతుకుతున్నాడు.

"ఏందమ్మా అది, కాళ్లకాడ?"

"మా జేజి రాగం సార్."

సారు వంగి చెవి పెట్టాడు. "మాటలుండాయా? ఉంటే స్లిప్పు కిందే లెక్క."

"ఒక్కటీ లేదు సార్."

"అయితే రానీ. బెంచీ కిందనే ఉండల్ల, పైకెక్కగూడదు."

రాగం బుద్ధిగా బెంచీ కింద చేరింది. రెండో లెక్కకల్లా క్రిస్టినా పెన్ను ఆగకుండా నడిచింది. వెనక బెంచీలో ఏడుస్తున్న పిల్ల ముక్కు తుడుచుకుని పెన్ను తీసింది. చివరి గంట కొట్టాక ఎంత పిలిచినా రాగం మాత్రం గది వదల్లేదు.

యాభై రెండు మార్కులొచ్చాయి. నర్సు కోర్సులో సీటూ వచ్చింది. చర్చిలో కృతజ్ఞత కూటం పెట్టి, దేవేంద్రప్ప సారును కూడా పిలిచారు. క్రిస్టినా దేవునికి, జేజికి, సారుకు వందనాలు చెప్పి, చెప్పి, చివరికి ఏడ్చేసింది.

"రాగం ఇంటికి రాలేదు జేజీ. ఎత్తుకొచ్చుకుందామా?"

ప్రేమమ్మ మనవరాలి నోట్లో బూందీ పెట్టింది.

"ఉండనీ మే. నువ్వు గట్టెక్కితివి. ఆడ ఇంకా ఎంతమంది పిల్లకాయలు రాయల్లనో!"