కార్మెల్ సీటు

"ఇవాళ ఆ పిల్లాడి మోకాలు నిలబడదేమో" అన్నాను పైకే, రొట్టెకి వెన్న రాస్తూ.

పిల్లాడంటే నేను కన్న పిల్లాడు కాదు. మా మన్‌స్టర్ రగ్బీ జట్టులో కిక్కులు కొట్టే కుర్రాడు. పోయిన నెల కుడి మోకాలికి దెబ్బ తగిలి మూడు వారాలు పక్కన కూర్చున్నాడు. ఇవాళ మూడింటికి థామండ్ పార్కు మైదానంలో డబ్లిన్ వాళ్లతో ఆట. వాళ్లు ఆ మోకాలి మీదికే వస్తారని నాకు తెలుసు. పైగా షానన్ నది మీంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. తడి గడ్డిలో కాలు జారిందంటే మోకాలితో పోతుందా? వెన్నెముక ఉంది, మెడ ఉంది. వాళ్లమ్మ ఏ వంటింట్లో నిలబడి ఏ కత్తి పట్టుకుని ఉందో పాపం.

"మొదలెట్టింది" అన్నాడు డిన్నీ, పేపర్లోంచి తలెత్తకుండా. "ఆట మొదలవడానికి ఇంకా రెండు గంటలుంది. ఈవిడ అప్పుడే వాణ్ణి ఆసుపత్రిలో పడుకోబెట్టేసింది."

డిన్నీ నా మొగుడు. మనిషి చెడ్డవాడు కాదు. ఇరవై ఏడేళ్ల కాపురంలో నా మీద చెయ్యెత్తలేదు, తాగి తూలలేదు. నేను మాట్లాడినప్పుడు పేపరు మాత్రం దించలేదు. నేను చేస్తున్న రొట్టెలు అతనికీ, అతని తమ్ముడు ఫింటన్‌కీ. డిన్నీ వాటికి పంది మాంసం మీద ఆవముద్ద పట్టించాలి, ఫింటన్ వాటికి పట్టించకూడదు, వాడికి కడుపులో మంట. అంచులు కోసెయ్యాలి. ఫ్లాస్కులో టీకి చక్కెర ముందే కలపాలి, లేకపోతే అక్కడ చెంచా ఉండదు. ఇరవై రెండేళ్లుగా ఆ ఫ్లాస్కు నా చేతుల మీదుగా మ్యాచ్‌కి వెళ్తోంది. నేను వెళ్లడం లేదు.

నిజం చెప్పాలంటే నేనూ వెళ్తున్నాను, పేరుకి. మైదానంలో డిన్నీ పక్క సీటుకి సీజనంతా చెల్లే కార్డు ఒకటుంది, దాని మీద ఇప్పటికీ నా పేరే ఉంది. అది మా నాన్న సీటు. ఆయన పంది మాంసం ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. శనివారం చేతులు ఎంత రుద్దుకున్నా ఉప్పు వాసన పోయేది కాదు. నాకు ఆరేళ్లప్పుడు నన్ను భుజానేసుకుని మైదానానికి తీసుకెళ్లి, జనం నిలబడేచోట ఇనప కమ్మీ మీద కూర్చోబెట్టి, పడిపోకుండా రెండు చేతులూ చుట్టూ వేసి పట్టుకున్నాడు. అంతమంది మగవాళ్లు ఒక్కసారిగా అరుస్తుంటే భయంతో ఆయన మెడ కరుచుకుపోయాను. అప్పుడు అవతలి జట్టువాడు కిక్కు కొట్టడానికి బంతిని నేలమీద నిలబెట్టాడు. అంతే, హోరంతా ఆగిపోయింది. దగ్గొచ్చినవాడు టోపీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎక్కడో ఒక కాకి అరిస్తే వినబడింది. "ఎందుకు నాన్నా అందరూ ఊరుకున్నారు? వాడు మనవాడు కాదుగా?" అని నేను గుసగుసగా అడిగితే, నాన్న నా చెవిలో చెప్పాడు. "ఎవడైతేనేం తల్లీ. అంతమందిలో ఒక్కడే నిలబడ్డాడు. వాడికి మనం ఇవ్వగలిగింది ఇదొక్కటే."

నాన్న కాళ్లు నిలబడనివ్వని వయసొచ్చాక ఒక సీటు తీసుకున్నాడు. పోతూ పోతూ దాన్ని నా పేరు మీద రాయించాడు. అన్నయ్యల పేరు మీద కాదు, నా పేరు మీద. పెళ్లయిన ఏడు డిన్నీ దాని పక్క సీటు తీసుకున్నాడు. ఐదేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. తర్వాత మా అమ్మాయి ఎయ్‌లిష్ పుట్టింది. "ఈ ఒక్క సీజను ఫింటన్ కూర్చుంటాడులే, సీటు ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగుండదు" అన్నాడు డిన్నీ. మరుసటి ఏడు పిల్లకి చెవిపోటు. ఆ పై ఏడు మామగారికి పక్షవాతం. ఆ పైన ఎవరూ ఏ కారణమూ చెప్పడం మానేశారు, నేనూ అడగడం మానేశాను. పిల్ల కార్క్ ఊరికి నర్సు చదువుకి వెళ్లిపోయాక ఇక ఏ అడ్డూ లేదనుకున్నాను. రెండేళ్ల కిందట అత్తగారు పెరటి మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది.

ఆ వరసలో కూర్చునేవాళ్లంతా ఫింటన్‌ని కార్డు మీదున్న నా పేరుతో 'కార్మెల్' అని పిలుస్తారట. "ఏయ్ కార్మెల్, లేచి బీరు పట్రా!" "కార్మెల్, ఇవాళ లిప్‌స్టిక్కు మర్చిపోయావే!" గేటు దగ్గర ముసలాయన కూడా "రా కార్మెల్, గడ్డం బాగా పెరిగిందే" అంటాడట. డిన్నీ ఇంటికొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతూ చెప్పేవాడు. మొదట్లో నేనూ నవ్వాను. నా పేరు అంతమంది నోళ్లలో అన్నేళ్లు నలిగింది. నా మొహం మాత్రం వాళ్లలో ఒక్కరికీ గుర్తులేదు.

నేను వెళ్లిన చివరి ఆట గురించి కూడా చెబుతాడు, పెళ్లిళ్లలో, చావుల్లో, ఎవరు దొరికితే వాళ్లకి. అప్పుడు నాకు ఏడో నెల. రెండు జట్లవాళ్లూ తలలు వంచి గుంపుగా తోసుకునే స్క్రమ్ కూలిపోయి కుర్రాళ్లంతా ఒకరి మీద ఒకరు పడితే, అడుగున ఉన్నవాడి మెడ వంకర తిరగడం నేను చూశాను. కేక పెట్టాను. "దీని కేక విని రిఫరీ తనే విజిల్ వేశాననుకున్నాడు!" అంటాడు డిన్నీ. ఆ అడుగున పడ్డవాడు ఆర్నెల్లు మళ్లీ ఆడలేదన్న సంగతి మాత్రం కథలో ఉండదు. "భయపడేదానికి ఆటెందుకు?" అని అప్పట్లో అత్తగారు కూడా అంది. "ఇక్కణ్ణించే వినబడుతోందిగా. నేను వినడం లేదూ?"

వినబడుతుంది, నిజమే. మా ఇల్లు మైదానానికి రెండు వీధుల వెనక. పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర నిలబడితే హోరు ముందు నాకొస్తుంది, తర్వాతే రేడియోకి. డిన్నీ ప్యాంటుకి క్లిప్పు పెడుతూనే చెప్పగలను, అది మనవాళ్లు బంతిని గీత దాటించి ట్రై కొట్టిన హోరో, రిఫరీ మీద కోపమో. నిశ్శబ్దాలు కూడా వినబడతాయి. ఉన్నట్టుండి ఊరంతా ఊపిరి బిగబట్టినట్టు అయిపోతుంది. అప్పుడు వంటింట్లో కిటికీ పక్క కుర్చీలో అత్తగారు కుడిచెయ్యి పైకెత్తుతుంది, జపమాల వేలాడుతూ. నేను కుళాయి కట్టేస్తాను. వాషింగ్ మెషీను తిరుగుతుంటే ఆపేస్తాను. ఎనభై నాలుగేళ్ల ఆవిడా యాభై దాటిన నేనూ, మాకు కనబడని ఒక కుర్రాడి కోసం కదలకుండా ఉంటాం. బంతి గోలు కర్రల వైపు వెళ్లి మళ్లీ హోరు లేచాక ఆవిడ చెయ్యి దించుతుంది. దాని గురించి మేమెప్పుడూ ఏమీ మాట్లాడుకోలేదు.

నేను పనిచేసేది వృద్ధాశ్రమంలో, బట్టలుతికే గదిలో. సోమవారం మా సూపర్వైజరు వచ్చి, "కార్మెల్, శనివారం ఆట గురించి మీ ఆయనేమంటాడు?" అని అడుగుతాడు. నేననుకున్నదే చెబుతాను, ఫలానావాణ్ణి ముందే మార్చాల్సింది, గాలికి ఎదురుగా అంత ఎత్తుగా తన్నకూడదు అని. "డిన్నీకి బుర్రుంది" అంటాడు మెచ్చుకోలుగా, దుప్పట్లు లెక్కపెట్టుకుంటూ. ఆదివారం నేను పళ్లెంలో బంగాళాదుంపలు వడ్డిస్తూ అన్న మాటలే డిన్నీ మూలమీది బారులో చెబుతాడని నాకు తెలుసు.

ఫ్లాస్కు మూత బిగిస్తుంటే డిన్నీ పేపరు కింద నుంచి ఒక కాగితం తీసి రొట్టెల పక్కన పెట్టాడు.

"దీని మీద ఓ సంతకం పడెయ్. ఇవాళ వెళ్తూ ఆఫీసులో ఇచ్చేస్తాను."

"ఏంటిది?"

"ఏముంది, సీటు ఫింటన్ పేరు మీదకి. వచ్చే సీజన్ నుంచి గేటు దగ్గర పేర్లు చూస్తారేమోనని అనుకుంటున్నారు. ఎలాగూ వాడేగా కూర్చునేది? నీకు శ్రమ లేకుండా నువ్వు రాసినట్టే నేను రాసిపెట్టాను."

అప్పుడే పెరటి తలుపు తోసుకుని ఫింటన్ వచ్చాడు, ఎర్ర జెర్సీ, దాని మీద కోటు. మెడలో తాడుకి నా కార్డు. "వాన మొదలైంది. రొట్టెలయ్యాయా? నా దాంట్లో ఆవముద్ద వెయ్యలేదు కదా?"

నేను చేతులు తుడుచుకుని కాగితం తీశాను. పదిహేనేళ్లకే బడి మానేసినదాన్ని. పెదాలు కదపకుండా చదవడం నాకు రాదు. దానికీ నవ్వుతాడు డిన్నీ. ఇవాళ పెదాలతో పాటు గొంతు కూడా కలిపాను.

"అయ్యా. కొన్నేళ్లుగా నా నరాలు బలహీనపడి ప్రతి చిన్నదానికీ భయపడుతున్నందువల్లా, మంచానికి దగ్గరైన మా అత్తగారి భారం పూర్తిగా నా మీద ఉన్నందువల్లా, నేను మ్యాచ్‌లకు రాలేను. మా నాన్నగారి నుంచి నాకు వచ్చిన సీటును మా మరిది పేరు మీదకు మార్చవలసిందిగా సంతోషంగా కోరుతున్నాను."

"పైకెందుకు చదవడం?" అన్నాడు డిన్నీ, కిటికీ పక్క కూర్చున్న వాళ్లమ్మ వైపు ఓ చూపు చూసి.

సంతోషంగా. ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మిగతావన్నీ వాళ్లకి కావాల్సిన అబద్ధాలు, ఎందుకు రాశారో అర్థమవుతుంది. సంతోషం ఎందుకు? సీటు తీసుకుంటే తీసుకున్నారు, నా సంతోషం కూడా వీళ్లే రాసుకోవాలా? నాన్న ఉప్పు వాసన చేతులు నా నడుము చుట్టూ బిగిసినట్టయింది, కమ్మీ మీంచి పడిపోకుండా.

"నేను సంతకం పెట్టను" అన్నాను, కాగితం బల్ల మీద పెట్టేసి. "ఇవాళ్టి ఆటకి నేను వెళ్తున్నాను."

ఫింటన్ నవ్వాడు. "ఊరుకో కార్మెల్! డబ్లిన్ వాళ్లతో ఆట, నీకు కళ్లు తిరుగుతాయి. నువ్వు పడిపోతే స్ట్రెచరు మోసేది మేమే."

"ఏ టైములో ఏం మాట్లాడుతున్నావ్?" డిన్నీ ఇరవై ఏడేళ్లలో మొదటిసారి పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మరి అమ్మ దగ్గరెవరుంటారు? అది ఆలోచించావా? వాన పడుతోంది, ఆవిడ లేచి ఎక్కడైనా కాలు జారిందంటే? నువ్వే కదా రోజూ భయపడేది! అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి!"

తెలివైనవాడు. నా భయం ఎక్కడుందో వెతికి దాని మీదే కాలు పెట్టాడు. అత్తగారు నేలమీద పడి ఉండడం, తెల్లజుట్టు తడి రాళ్లకి అంటుకుని ఉండడం నాకు అప్పుడే కళ్లముందు కనబడింది. ఒక్క క్షణం కలం కోసం కూడా చూశాను.

కిటికీ పక్క అత్తగారు కుడిచెయ్యి పైకెత్తింది. జపమాల వేలాడుతోంది.

"అమ్మా, ఏంటి?" అన్నాడు ఫింటన్. ఆవిడ చెయ్యి దించలేదు. ఆ చెయ్యి వాళ్లకి తెలీదు. ఆవిడ దాన్ని ఎత్తిన ప్రతిసారీ వాళ్లు మైదానంలో ఉన్నారు. నాకు తెలుసు. నేను అలవాటుగా కుళాయి వైపు చూశాను, అది కట్టేసే ఉంది. డిన్నీ ఏదో అనబోయి ఆ చేతిని చూసి నోరు మూసుకున్నాడు. కిటికీ అద్దం మీద వాన చినుకులు ఒక్కొక్కటే వినబడుతున్నాయి.

అప్పుడు నేను మాట్లాడాను.

"నాకు భయమే. ఆ పిల్లాడి మోకాలంటే భయం. ఈ వానంటే భయం. అత్తయ్య తుంటి, కార్క్‌లో పిల్ల రోడ్డు దాటడం, పొయ్యి మీద గిన్నె, అన్నీ భయమే. ఇరవై రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఒక్క భయమూ తగ్గలేదు. ఒంటరిగా ఇక్కడ భయపడేకన్నా అక్కడ పాతికవేల మందితో కలిసి భయపడతాను. మోకాలు విరిగితే విరగడం చూస్తాను, కేక వస్తే కేక పెడతాను. అది మా నాన్న నాకిచ్చిన సీటు. కార్డు ఇవ్వు, ఫింటన్."

చెయ్యి చాచాను. వేళ్లకి వెన్న ఇంకా అంటుకునే ఉంది.

ఫింటన్ అన్న వైపు చూశాడు. డిన్నీ బల్ల మీది కాగితం వైపు చూశాడు, 'భారం' అన్న మాట ఉన్నచోట అతని అరచెయ్యి కప్పి ఉంది. నేను ఎవరి వైపూ చూడలేదు. అత్తగారు ఇప్పుడు మళ్లీ 'భయపడేదానికి ఆటెందుకు' అంటే ఏం చెయ్యాలి? అన్నా వెళ్తాను. తలుపు దాకా నడవగలనా? నడుస్తాను. చాచిన చెయ్యి నొప్పెడుతోంది. గడియారం సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది, ఇంకో సగం తిరిగింది. మైదానం వైపు నుంచి, ఇంకా ఆట మొదలవకముందే, జనం పాడుతున్న పాట వానలో తెరలు తెరలుగా వచ్చి పోయింది.

అత్తగారు చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది.

"ఫింటన్, ఆ కార్డు దానికిచ్చి, కోటు విప్పి కూర్చో" అంది. "నాలుగింటికి నాకు టీ, చక్కెర వద్దు. నన్ను లేవదీసేటప్పుడు ఎడమవైపు పట్టుకోవాలి, కుడివైపు కాదు. కిక్కు కొట్టేటప్పుడు నోరు మూసుకో." తర్వాత నా వైపు తిరిగింది. "కార్మెల్, నేను ఆ కిటికీ తెరిపించి ఉంచుతాను. నీ కేక నాకు ఇక్కడికి వినబడాలి."