గట్టు లేని వీధి

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఎటు పోయినా మెట్లే. కొండల మీద ఊరు కట్టినవాళ్లు కాళ్లు ఆడేవాళ్లనే మనుషుల లెక్కలో వేసుకున్నారని గదీర్ ఇరవై రెండేళ్లుగా తిట్టుకుంటూనే ఉంది. పందొమ్మిదో ఏట కారు బోల్తా పడి చక్రాల కుర్చీలోకి వచ్చినప్పుడు మొదలైన తిట్లు అవి. చివరికి వాటినే వృత్తి చేసుకుంది.

అల్-అతబా అనే సలహా కంపెనీ ఆవిడదీ, ముంతసిర్‌దీ. అతబా అంటే గడప. బడి కానీ, బ్యాంకు కానీ, కోర్టు కానీ, అందులోకి ఎవరు రాగలుగుతున్నారు, ఎవరు గుమ్మం బయటే ఆగిపోతున్నారు, ఎందుకు ఆగిపోతున్నారు అన్నది చూసి చెప్పడం వాళ్ల పని. విన్నవాళ్లు సంతోషించడం తక్కువ. చేతిలో ఏదో ఇంత పెట్టి పంపేయొచ్చనుకున్న మనుషులే కొలతల టేపు పట్టుకొచ్చి 'మీ తలుపు నాలుగు వేళ్లు ఇరుకు' అంటే ఎవరికి మాత్రం నచ్చుతుంది?

ముంతసిర్ లాయరు. మర్యాదకి అందరూ ఉస్తాజ్ అంటారు. పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపోయేంత ఉంది. మూడో మనిషి లుబాబా, నక్షాలు గీసే అమ్మాయి. ఆమెకి ఒక చెవి వినపడదు. ఏ చెవి అన్నది అవసరాన్ని బట్టి మారుతుంటుందని ముంతసిర్ ఏడిపిస్తుంటాడు.

కంపెనీకి ఒక పద్ధతి ఉంది. కాగితం బయటికి వెళ్లే ముందు ముగ్గురూ ఆ చోటుకి విడివిడిగా వెళ్లాలి. ఎవరి ఒంటితో వాళ్లు తిరిగి చూడాలి. దాన్ని నడక అంటారు. గదీర్ చేసేదీ నడకే. ఆ మాటకి ఎవరైనా పళ్లికిలిస్తే వాళ్లకి ఆ రోజు మూడినట్టే. నడక అయ్యాక ఎవరి ముద్ర వాళ్లు వేయాలి. మూడు ముద్రలూ పడితేనే అది అల్-అతబా కాగితం.

ముంతసిర్‌కి ఆ ముద్రంటే ప్రాణం. ఒకప్పుడు ఒక బ్యాంకు, చూపున్న సాక్షి పక్కన ఉంటే తప్ప నీ సంతకం చెల్లదని అతన్ని వెనక్కి పంపింది. ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగి గెలిచాడు. గెలిచిన వారానికి గదీర్ అతనికి ఇత్తడి ముద్ర చేయించి ఇచ్చింది. ఇతనికో పేరుంది, ఇతను ఉన్నాడు, ఇతను ఒప్పుకున్నాడు అని చెప్పే వస్తువు అది. ఆ సంగతి గదీర్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆవిడ చేసిన పనిని క్షమించడం కష్టం.

జరిగింది ఇదీ. అత్తారీన్ వీధి వర్తకుల సంఘం వాళ్లు తమ వీధిని అందరూ తిరగగలిగేలా బాగుచేయించాలనుకున్నారు. సంఘం పెద్ద కునాఫా మిఠాయి కొట్టు అబూ షవ్కత్. పండగకి ముందే అయిపోవాలని పట్టుబట్టాడు. ఈ వీధి బాగుంటే ఇంకో నాలుగు వీధుల సంఘాలు వస్తాయన్నాడు. గదీర్ ఆ వీధిలో ఫుట్‌పాత్ గట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తీసేయించింది. రోడ్డూ, నడిచే దారీ ఒకే మట్టం. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఏలకులు కొనుక్కున్న వీధిలో, ఇరవై రెండేళ్ల తర్వాత, ఎవర్నీ 'కాస్త ఎత్తండి' అని అడక్కుండా కొట్టు కొట్టుకీ తిరిగింది. ఏలకుల కొట్టు ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత సంతోషంలో మనిషికి పక్కవాడు గుర్తురాడు.

ముంతసిర్ అప్పుడు కరక్ అనే ఊళ్లో ఉన్నాడు. వాళ్లమ్మకి గుండె ఆపరేషన్. గదీర్ మూడుసార్లు ఫోన్ చేసింది, కలవలేదు. అవతల అబూ షవ్కత్ వీధి బాగుందన్న కాగితం కోసం గుమ్మంలో కూర్చున్నాడు. ముంతసిర్ కాదంటాడా ఏంటి అనుకుంది. సొరుగు తీసి, ఇత్తడి ముద్ర తీసి, తన చేత్తో వేసేసింది.

పండగ వెళ్లిన తర్వాతి వారం, పొద్దున్న పదింటికి, అబూ షవ్కత్ కారు ఆఫీసు ముందు ఆగింది. అందులోంచి ముంతసిర్ దిగాడు. మోచెయ్యి చీరుకుపోయి ఉంది. చేతికర్ర రెండు ముక్కలై అబూ షవ్కత్ చేతిలో ఉంది.

"ఏమైంది?" అని గదీర్ కుర్చీ ముందుకు తోసుకొచ్చింది.

"ఏమీ కాలేదు, అల్లా దయ" అన్నాడు అబూ షవ్కత్. "ఉస్తాజ్ మీ అందరికీ కునాఫా తెద్దామని మా వీధికొచ్చారు. నడుస్తూ నడుస్తూ రోడ్డు మధ్యకి వచ్చేశారు. గ్యాస్ బండివాడు ఎంత హారన్ కొట్టినా కదలరే! వాడు బ్రేకు తొక్కబట్టి సరిపోయింది." అంతటితో ఆగితే ఆయన అబూ షవ్కత్ ఎందుకవుతాడు? "అయినా ఉస్తాజ్, మీరే కదా బ్రహ్మాండంగా ఉందని ముద్ర వేసింది? ఆ మాటంటే వీధి వీధంతా ఒకటే నవ్వు."

ముంతసిర్ మొహం గదీర్ ఉన్న వైపు తిరిగింది. "అవును, అబూ షవ్కత్. పొరపాటు నాదే" అన్నాడు.

ఆయన వెళ్లిపోయాడు. లుబాబా దూదీ మందూ తెచ్చి మోచెయ్యి తుడిచింది.

"ఎవరేశారు?" అన్నాడు ముంతసిర్.

"నేనే."

"నాకు ఫోన్ చేశావా?"

"మూడుసార్లు. కలవలేదు."

"కలవకపోతే ఏం చేస్తారు?"

"ఆగుతారు" అంది గదీర్.

"గట్టు నాకు గోడలాంటిది, గదీర్. కర్ర గట్టుకి తగిలితే ఇటు నేను, అటు బండ్లు. అది తీసేస్తే నాకు వీధే లేదు, మైదానమే. సరే, అది నీకు తట్టలేదు. నాకు మాత్రం నీ చక్రాల సంగతులన్నీ తడతాయా? తప్పులు అందరం చేస్తాం, అందుకే కదా నడక పెట్టుకున్నాం." లేచి సొరుగు తడిమి ముద్ర తీసుకుని కోటు జేబులో వేసుకున్నాడు. "బ్యాంకువాడు నన్ను అడగలేదంటే వాడికి తెలియదులే అనుకున్నాను. నీకేమైంది?"

గదీర్ సిగ్గుతో చచ్చిపోయింది.

లుబాబా మెల్లగా గొంతు సవరించుకుంది. "అక్కా, ఒకటి చెప్పనా? రేపు సంఘం మీటింగుంది. కర్రకి తగిలి తెలిసేలా అంచు పొడవునా గరుకు పలకలు వేయాలి, ఇది రెండో విడత పని అని చెబుదాం. మొదట్నుంచీ అలాగే అనుకున్నామని అంటే ఎవరికీ అనుమానం రాదు. ఉస్తాజ్ పేరూ నిలబడుతుంది, కంపెనీ పేరూ నిలబడుతుంది."

మాట బాగానే ఉంది. అబద్ధాలన్నీ మొదట్లో బాగానే ఉంటాయి. గదీర్ ముంతసిర్ వైపు చూసింది.

"నన్నేం చూస్తావ్? నువ్వు చూస్తున్నావని నాకు తెలుస్తుంది, మొహం మాత్రం కనపడదు" అన్నాడతను. "నేను ఆయన ముందు నిన్ను వెనకేసుకొచ్చాను. అది ఒక్కరోజుకే. పదిహేనేళ్లుగా కోర్టులో చూపు లేని లాయరు అంటే కాగితం చదవకుండా ముద్ర వేసేవాడు కాదని చెప్పుకుంటూ బతికాను. రేపటి నుంచి ఏం చెప్పుకోవాలో నువ్వే తేల్చు." టాక్సీ పిలిపించమనలేదు. విరిగిన కర్రలో పొడుగు ముక్క తీసుకుని, వంగి తడుముకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజంతా గదీర్ ఏ పనీ చేయలేదు. నిజం చెబితే నాలుగు వీధుల పనీ పోతుంది. 'వీళ్లలో వీళ్లకే పొత్తు కుదరదు, మనకి చెప్పొచ్చారు' అంటారు. అంతకన్నా పెద్ద దిగులు ఇంకోటుంది. ముంతసిర్ వెళ్లిపోతే అల్-అతబా ఒక చక్రాల కుర్చీ, ఒక నక్షా, అంతే. ఆవిడ పోట్లాడేది ఊరందరితో. ముంతసిర్‌తో పోట్లాడితేనే ఆవిడకి బుద్ధి పెరిగేది. ఆ మనిషి లేని ఆఫీసు ఆవిడకి ఊహకి కూడా అందలేదు.

మర్నాడు సంఘం హాలులో పదిహేను మంది దాకా వర్తకులు కూర్చున్నారు. ముంతసిర్ వస్తాడో రాడో అనుకుంది. వచ్చాడు. కొత్త కర్ర పట్టుకుని, చివరి వరసలో, తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. లుబాబా పలకరిస్తే తలూపాడు. గదీర్‌ని పలకరించలేదు.

అబూ షవ్కత్ లేచి వీధి ఎంత బాగుపడిందో చెప్పబోతుంటే గదీర్ చెయ్యెత్తింది.

"ముందు నేనొక మాట చెప్పాలి. మీ కాగితం మీద మూడు ముద్రలున్నాయి. అందులో ముంతసిర్ గారి ముద్ర ఆయన వేసింది కాదు. నేను వేశాను. ఆయన ఈ వీధిలో నడవలేదు, నక్షా ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను ఆయన్ని అడగలేదు. నిన్న ఆయన రోడ్డు మధ్యలో నిలబడ్డారంటే అది నేను చేసిన పని. మీరు నవ్వాలనుకుంటే నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. అబూ షవ్కత్‌కి నిజంగానే అర్థం కాలేదు. మంచి మనిషే పాపం. "దానికేముందమ్మా? మీరూ మీరూ ఒకటే కదా! ఒకరి బదులు ఒకరు వేసుకుంటే మేమేమైనా అంటామా?" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నాను" అంది గదీర్. "మేమిద్దరం ఒకటి కాదు. నాకు దారి ఇస్తే ఆయనకి ఇచ్చినట్టు కాదు. మీ వీధిలో పని సగమే అయింది, మళ్లీ తవ్వాలి."

తవ్వాలి అన్న మాటతో హాలు అట్టుడికిపోయింది. మళ్లీ దుమ్మా, మళ్లీ బేరాలు పోవాలా అని మసాలాల కొట్టువాడు లేచాడు. ఇందుకేనా మిమ్మల్ని పిలిచింది అని ఇంకొకడు. మందుల షాపు యజమాని, కొంచెం నిదానస్తుడు, అందర్నీ కూర్చోబెట్టి గదీర్ వైపు తిరిగాడు. "సరే, అయిందేదో అయింది. ఆయనకి ఏం కావాలట?" అని ఆవిణ్ణి అడిగాడు.

ముంతసిర్ ఆ మనిషికి అయిదు కుర్చీల అవతలే కూర్చుని ఉన్నాడు. గదీర్‌కి ఈ ప్రశ్న కొత్త కాదు. ఏ హోటలుకి వెళ్లినా 'ఆవిడకి ఏం తెమ్మంటారు?' అని పక్కవాళ్లని అడిగే సర్వర్లని ఎంతమందిని కడిగేసిందో. అయితే ఇప్పుడు జవాబు ఆవిడ నాలుక చివరే ఉంది. అంచు పొడవునా గరుకు పలకలు, మూడడుగుల వెడల్పు, పసుపు రంగు. రాత్రి కూర్చుని లెక్కలన్నీ వేసింది. చెప్పేస్తే హాలు చల్లబడుతుంది. చెప్పేయాలని నోరు దురద పెట్టింది.

పెదాలు బిగబట్టుకుని కూర్చుంది.

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. మందుల షాపాయన 'అమ్మా?' అన్నాడు. గదీర్ ఉలకలేదు, పలకలేదు. ముంతసిర్ కూడా తొందరపడలేదు. ఆవిడ మాట్లాడుతుందేమోనని వింటున్నాడని ఆవిడకి తెలుసు. ఎంతసేపు ఆగుతుందో చూస్తున్నాడు. ఆగింది. ఇంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం తన జన్మలో ఎరగదు.

చివరి వరసలో కుర్చీ కదిలిన చప్పుడైంది. వర్తకులందరి తలలూ అటు తిరిగాయి.

"నాకు గట్టు కావాలి" అన్నాడు ముంతసిర్ నిలబడి. "పాత గట్టు, జానెడెత్తు, వీధి పొడవునా."

గదీర్ రాత్రంతా వేసిన లెక్కలు గంగలో కలిశాయి. పలకలు కాదు, గట్టే కావాలట.

"అదే వస్తే ఆవిడ ఏలకుల కొట్టుకి కూడా పోలేదు" అని అతను ఇంకా చెబుతున్నాడు. "అందుకని ఆవిడ ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా. ఇప్పుడు మీ అందరి ముందూ మేమిద్దరం పోట్లాడుకుంటాం. మా కంపెనీలో పని ఇలాగే అవుతుంది. కొంచెం సేపు పడుతుంది, అబూ షవ్కత్, టీ చెప్పండి."

అబూ షవ్కత్ నోరెళ్లబెట్టి ఒకసారి అతన్నీ, ఒకసారి ఆవిణ్ణీ చూసి, టీ చెప్పడానికి లేచాడు.

గదీర్‌కి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ తిప్పుకుని వరసల మధ్య నుంచి అతని దాకా తోసుకెళ్లింది.

"జానెడా? ఒంటి మీద తెలివుండే మాట్లాడుతున్నావా?" అంది. "రెండు వేళ్లకి మించి ఒప్పుకోను."