అరుంధతిగారు వేసిన ముడి

నేను ఒక సన్మానపు శాలువాను. మెరుపు చూసి పట్టు అనుకునేరు, మరమగ్గం మీద పుట్టినదాన్ని. కప్పుకోవడానికే నన్ను నేశారనుకున్నాను. ఇన్నేళ్ళూ ఒక్కరూ ఇంట్లో కప్పుకోలేదు. నేనెందుకున్నానో నాకే బోధపడలేదు, ఇక మీకేం చెప్పను!

మొదట నన్ను కప్పింది అరుంధతిగారికి. కాకినాడలో సాహితీ సంఘం వారి సభ. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేస్తూ కవితలు, కథలు రాసేవారు. తొలి కథల పుస్తకం వచ్చిన సందర్భం. "రాసేకొద్దీ ఊరుతుందండీ, ఆపితేనే ఎండిపోతుంది" అని మైకులో గట్టిగా చెప్పి వచ్చి కూర్చున్నారు. తరవాతి వక్త ఎంతకీ దిగడే! అంతలో ఆవిడకి ఏదో కథ తట్టింది. చేతిలో కాగితం లేదు. గుర్తుండటానికి కొంగుకి ముడి వేసుకుంటారు చూడండి, ఆ అలవాటుకొద్దీ చేతికందిన నా కుచ్చులకి ముడి వేసేశారు. ఇంటికెళ్ళాక చుట్టాల సందడిలో నన్ను బీరువాలో పెట్టి, ఆ సంగతే మరిచిపోయారు.

ఇక నా తిరుగుడు చూడాలి. బీరువాలో శాలువాలు పట్టకపోతే ఏం చేస్తారు? ఇంకొకరికి సన్మానం చేస్తారు. అరుంధతిగారి భర్త నన్ను తోటి ఉద్యోగి పదవీ విరమణకి పట్టుకెళ్ళారు. ఆ ఉద్యోగి తన వియ్యంకుడికి, ఆ వియ్యంకుడు ఓ అవధానిగారికి... మడత విప్పడం, ఫొటో దిగడం, మళ్ళీ మడత. ఇవాళ ఒకరిని "మహాకవి" అంటూ నన్ను కప్పిన చేతులే, రేపు ఇంకొకరికి అదే మాట అంటూ కప్పేవి. వీళ్ళలో ఎవరు గొప్పో నాకు తేలనేలేదు. ముడి మాత్రం ఎవరి కంటా పడలేదు.

తిరిగి తిరిగి మళ్ళీ సాహితీ సంఘం చేతికే చేరాను. ఈమధ్య జీవిత సాఫల్య సన్మానమంటూ నన్ను ఎవరికో కప్పారు. సన్నటి భుజాలు, నెరిసిన జుట్టు. గొంతు విన్నాక గుర్తుపట్టాను, అరుంధతిగారే! పక్కనున్న ఆడపడుచు రమణమ్మగారితో గుసగుసగా అంటున్నారు:

"నాకింక రాదు వదినా. ఒక్క లైను రాసి ఎన్నాళ్ళయిందో. ఇవాళ మైకులోనే చెప్పేస్తాను, రాయడం మానేశానని."

"ఊరుకో! సన్మానం నాడు ఎవరన్నా అలాంటి మాటంటారా?"

నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ కథ నా దగ్గరే ఉందాయె! కానీ అదేం కథో నాకూ తెలియదే. మరి ఉన్నట్టా, లేనట్టా?

కంగారులో ఆవిడ వేళ్ళు నా కుచ్చులు తడిమి, ముడి దగ్గర ఆగాయి.

"ఇది నేను వేసిన ముడే వదినా! నేనిలాగే మెలేసి వేస్తాను. అప్పట్లో ఏదో కథ... ఏం కథబ్బా?"

"గుర్తొచ్చిందా?"

"లేదే!" అన్నారు. ఆ మాటకి ఏడవాలి కదా? నవ్వుతున్నారు!

అంతలో పేరు పిలిచారు. ముడి వదలకుండానే మైకు ముందుకెళ్ళారు. "ఒకటి చెప్పేద్దామని వచ్చానండీ. ఇప్పుడు చెప్పను. ఇంటి దగ్గర పనుంది" అని దిగిపోయారు.

ఇప్పుడు నేను ఆవిడ కుర్చీకి వేలాడుతున్నాను. ఫ్యాను గాలి ఎక్కువైతే నిజంగానే కప్పుకుంటున్నారు. పొద్దున్నే కూర్చుని రాస్తారు, కొట్టేస్తారు, మళ్ళీ రాస్తారు. ఇది అప్పటి కథేనా? ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. నిన్న రమణమ్మగారు వచ్చి, చూడ్డానికి బాగాలేదని నా ముడి విప్పబోయారు. అరుంధతిగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనీ వదినా, ఇంకా అవ్వలేదు."