వంటింటి కిటికీలో ఆడచేప

"ఆడదానికి కత్తి ఉండదుగా, దాన్నేం చూస్తాం?" అన్నారు మా ఆయన, దుకాణం నుంచి తెచ్చిన చేపల్ని తొట్టిలో వదులుతూ. నేను ఫిల్టర్ స్పాంజి కడుగుతున్నాను. స్వోర్డ్‌టెయిల్ చేపల్లో మగవాటికే తోక చివర కత్తిలా పొడుచుకొస్తుంది. ఆయన నాలుగూ మగవే తెచ్చారు. అప్పటికే ఉన్న ఆడది ఒక్కటి.

తొట్టి ఆయనది. నీళ్లు మార్చడం, మేత వెయ్యడం, అద్దానికి పట్టిన పాచి గీకడం నావి. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో నాకు గుర్తు లేదు.

రెండు వారాలకు ఆడది ఫిల్టర్ వెనక్కి చేరింది. బయటికొస్తే నాలుగూ వెంటపడుతున్నాయి. మేతకు అన్నిటికంటే ఆఖర్న వస్తోంది. రెక్క చిరిగింది, పొట్ట పెరిగింది. ఆయనకు చూపించాను. "నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందిలే," అన్నారు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు మా అమ్మతో ఇదే మాటన్నారు. నేను సర్దుకున్నాను కూడా. అందుకే నాకు ఆ మాట మీద నమ్మకం లేదు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ చేపల దుకాణంలో ఆగాను. "ఒక మగదానికి మూడు ఆడవి ఉండాలమ్మా. మీరు లెక్క తిరగేశారు. తోకలు చూసి కొన్నారా?" అని నవ్వింది దుకాణం ఆవిడ. "ఇలాగే ఉంచితే కాన్పుకు ముందే పోతుంది."

గాజు గిన్నె ఒకటి వంటింటి కిటికీలో పెట్టి, నాచు వేసి, ఆడదాన్ని అందులోకి మార్చాను.

"వంటింట్లో చేపేంటి? ఆదివారం మా మేనేజర్ మేడమ్ వస్తున్నారు. తొట్టి నిండుగా ఉండాలి, తిరిగి వేసెయ్," అన్నారాయన.

"వెయ్యను," అన్నాను. గొంతు పెంచలేదు.

బఠానీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తలేదు. "ఉండనీరా. నువ్వు పుట్టిన రోజు పొద్దున కూడా నేను ఆరుగురికి వండాను. దానికైనా ఓ గది దొరికింది."

శనివారం పొద్దున పిల్లలు పుట్టాయి. ఇరవై మూడు లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. వెంటనే తల్లిని ఇంకో గిన్నెలోకి తీశాను. ఆకలేస్తే తల్లి కూడా పిల్లల్ని తినేస్తుందని దుకాణం ఆవిడ చెప్పింది. తల్లి అంటే త్యాగమని చేపలకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ రోజు అది మొదటిసారి కడుపునిండా తింది. దాన్ని చూస్తూ నేనూ ఆ పూట నిలబడి కాకుండా కూర్చుని తిన్నాను.

ఆదివారం ఆయన మేడమ్‌ని నేరుగా వంటింట్లోకే తీసుకొచ్చారు. "మా ఇంట్లో పుట్టాయండీ!"

"గుడ్లు ఎక్కడ పెట్టింది?" అని అడిగారావిడ.

ఆయన నా వైపు చూశారు.

"గుడ్లు పెట్టదండీ. పిల్లల్నే కంటుంది," అన్నాను. ఇక ప్రశ్నలన్నీ నా వైపే వచ్చాయి. మేతేంటి, ఎండ ఎంత తగలాలి, తల్లి ఎందుకు వేరుగా ఉంది. తెలిసినవి చెప్పాను. తెలియనివి తెలియవన్నాను.

"నాకో నాలుగు ఇస్తారా?"

"తీసుకెళ్లండి మేడమ్, దానికేముంది!" అన్నారాయన.

"ఇప్పుడు కాదండీ. రెండు నెలలు పెరగాలి," అన్నాను. "తల్లిని మాత్రం ఇవ్వను."

"సరే, అప్పుడు మీవారికి ఫోన్ చేస్తాలెండి."

"నాకు చెయ్యండి," అని, ఒక్కొక్క అంకే నెమ్మదిగా నా నంబరు చెప్పాను.