ఎగిరిన రాయి

మా బావమరిది రాళ్లు పొదగడంలో దిట్ట. ఒళ్లు దగ్గర పెట్టుకోవడంలో సున్నా. వాళ్ల అక్క, అంటే మా ఆవిడ మాట మీద నా నగల కొట్లో పని ఇచ్చాను. ఆవిడ పోయింది. వీడు మిగిలాడు.

ఆవేళ మా ఆవిడ ఉంగరంలోని వజ్రం తీసి అమ్మాయికి కొత్త ఉంగరం చేస్తున్నాం. బంగారం పని నాది, రాయి పని వాడిది. సాయంత్రం బస్సుకి అమ్మాయి కొత్త ఉద్యోగానికి వెళ్లాలి. అమ్మ రాయి వేలికి లేనిదే కదలనంది.

నేను ముఖం దగ్గరగా పెట్టి చూస్తున్నాను. రాయిని పట్టి ఉంచే ఆఖరి బంగారు గోరు వాడు వంచాడు. టిక్కుమంది. రాయి లేదు.

ఫ్యాన్ ఆపాను. తలుపు మూశాను. నేల మీద తెల్లగుడ్డ పరిచి వాడి చొక్కా విప్పించి దులిపించాను. జేబులు తిరగేయించాను. నోరు తెరిపించి టార్చి వేశాను. పుచ్చిన పన్ను కనబడింది. బల్ల కింద దూరి నేల తడుముతూ ఇద్దరం తలలు ఢీకొట్టుకున్నాం. రాయి దొరక్కపోతే రేపటి నుంచి నా గుమ్మం ఎక్కవద్దన్నాను. అలాగే అన్నాడు. మళ్లీ బల్ల కింద దూరాడు. వెతకనీ అనుకున్నాను.

అమ్మాయి సంచితో వచ్చి తలుపు తీసింది. అడుగు పెట్టొద్దని కసిరాను. నన్ను చూసి గుమ్మంలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. మాట రావడం లేదు.

"నాన్నా... మీసం."

పొద్దున్నే మీసానికి నూనె రాశాను. వజ్రం జిడ్డుకి ఇట్టే అంటుకుంటుంది. ఆ సంగతి బావమరిదికి నేర్పింది నేనే.

వాడు తాపీగా చొక్కా తొడుక్కున్నాడు.

"మా అక్క అంతే బావా. ఎక్కడ ఎక్కి కూర్చోవాలో ఆవిడకి తెలుసు."

నవ్వకూడదనుకున్నాను. నవ్వాను. మీసం కదిలితే రాయి తళుక్కుమంటోంది, అది చూసి వాళ్లిద్దరూ కడుపు పట్టుకుంటున్నారు. వాళ్లను చూసి నేను.

"నవ్వకు బావా, మళ్లీ ఎగురుతుంది," అంటూ వాడు మంగలిలా నా గడ్డం ఒడిసి పట్టాడు. రాళ్లు ఎత్తే మైనం పుల్ల ఆనించి లాగాడు. రాయితో పాటు రెండు వెంట్రుకలూ వచ్చాయి. కావాలనే పీకాడు.

అమ్మాయి బస్సు కిటికీలోంచి ఉంగరం తొడిగిన వేలు ఊపుతూ, మీసం దువ్వినట్టు చేసి చూపించింది. బస్సు మలుపు తిరిగాక వాడు రేపు రావాలా వద్దా అని అడిగాడు. పెందలాడే రమ్మన్నాను.

ఆ రెండు వెంట్రుకల సంగతి మాత్రం ఇంకా మర్చిపోలేదు.