ఫ్లూటు వినిపించని ఇయర్‌ఫోన్

సూపర్‌వైజరు చేసింది చిన్న మోసమేనని ఎవరైనా అంటే, వాళ్లొచ్చి పందొమ్మిదేళ్లు ప్రెస్సు ముందు నిలబడాలి. ఆ రోజు కూడా తనిఖీ అధికారి కారు రాకముందే అతను చాక్లెట్ల డబ్బాతో వరస వెంట వచ్చాడు. అందులో ఉండేవి ప్రెస్సుల మోతకు చెవులు చెడకుండా పెట్టుకునే రబ్బరు ప్లగ్గులు. మనిషికి రెండు. తనిఖీ ముగిసి కారు గేటు దాటి వెళ్లగానే అదే డబ్బాతో తిరిగొచ్చి, మనిషికి రెండు చొప్పున వసూలు చేసుకుపోయాడు. ఎదురుగా అందరూ అతన్ని సార్ అంటారు. వెనకాల చాక్లెట్ సార్.

కంచాలన్న తన రెండూ చొక్కాకి తుడిచి మరీ ఇచ్చాడు. స్టీలు కంచాలు కొట్టే ప్రెస్సు మీద పని కాబట్టి ఆ పేరు. యాభై దాటిన పొట్టి మనిషి. మీట లాగి లాగి కుడి భుజం దిగిపోయింది. వేళ్ల నిండా రేకు కోసిన తెల్లటి గీతలు. రేకు పెట్టడం, మీట లాగడం, కంచం తీయడం. దెబ్బ పడ్డప్పుడల్లా కాళ్ల కింద నేల అదిరేది.

ఆ పొద్దున పనికి బయల్దేరుతుంటే గుమ్మంలో భార్య ఏదో అంది. "నోట్లో గొణక్కు. మనిషిలా మాట్లాడు," అని కసిరాడు. మూడేళ్లుగా ఇదే వరస.

"పెళ్లాం మాటంటేనే నీ చెవులకు తాళాలు పడతాయి!" అని ఆమె కేకేసి, చేత్తో తాళం తిప్పినట్టు చూపించి లోపలికి పోయింది.

అతనికున్న సరదా ఒక్కటే. పనికి వస్తూ పోతూ ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాత పాటలు వినడం. ఏడాదిగా అదీ చెడింది. మొదట ఫ్లూటు పోయింది. తర్వాత వయొలిన్. ఈ మధ్య పాడే ఆవిడ గొంతు కూడా గోడ అవతల నుంచి వచ్చినట్టుంది. మిగిలింది డ్రమ్ము ఒక్కటే. చవక సరుకు, అంతకన్నా ఏం వస్తుందిలే అనుకుని, మధ్యాహ్నం భోజనం మానేసి వీధి చివర ఫోన్ల దుకాణానికి వెళ్లాడు.

"బేస్ గట్టిగా ఉన్నది చూపించు. ధర మాత్రం నా మొహం చూసి చెప్పు."

దుకాణదారు నవ్వి మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. "మూడొందలది మామూలు రకం. ఐదొందలది ఫర్వాలేదు. ఏడొందలది పెట్టుకుంటే పళ్లు కూడా అదురుతాయి బాబాయ్. ఇంతకీ పాతదానికి ఏమైంది?"

"పాట సగమే వస్తోంది."

దుకాణదారు పాతదాన్ని గుడ్డతో తుడిచి తన చెవుల్లో పెట్టుకున్నాడు. కాసేపు తలాడించాడు. తర్వాత తలాడించడం ఆపేసి అతని మొహంలోకి చూశాడు.

"బాబాయ్, ఇది భేషుగ్గా ఉంది. ఫ్లూటు కూడా వస్తోంది."

కంచాలన్న దాన్ని లాక్కుని పెట్టుకున్నాడు. డ్రమ్ము. ఏడొందలది పెట్టుకున్నాడు. పెద్ద డ్రమ్ము.

"ఇప్పుడు వస్తోందా, ఫ్లూటు?"

దుకాణదారు తలూపాడు. ఆ తలూపులో జాలి ఉంది. కంచాలన్నకు ఒళ్లు మండింది. దుకాణదారు మీద కాదు. భార్య గొణగలేదు. మూడేళ్లలో ఒక్కరోజు కూడా గొణగలేదు.

"అయినా ఏడొందలదే ఇవ్వు," అన్నాడు. "మిగిలిందైనా గట్టిగా విననీ."

సాయంత్రం ప్రెస్సులు ఆగాక సూపర్‌వైజరు రిజిస్టరు తెచ్చాడు. తనిఖీ జరిగిన ప్రతిరోజూ అందరూ అందులో సంతకం పెట్టాలి. కంచాలన్న ఎప్పుడూ చదవకుండానే పెట్టేవాడు. ఈసారి వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. 'ప్లగ్గులు ముట్టినవి. ప్రతిదినము వాడుచున్నాను.'

"ముట్టాయి సార్. తిరిగి మీకు ముట్టాయని కూడా రాయండి, పెడతాను."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సూపర్‌వైజరు మొహం ఎర్రబడింది. "అందరూ పెట్టారు. నీ ఒక్కడివే బంగారం చెవులా?"

"బంగారమైతే మీ డబ్బాలోనే ఉండేవి కదా సార్."

సూపర్‌వైజరు పళ్లు బిగించి ఏదో అన్నాడు. కంచాలన్న ముందుకు వంగాడు.

"నాకు వినపడదు సార్. నలుగురికీ వినిపించేలా చెప్పండి."

"రేపట్నుంచి రావద్దు!"

షెడ్డంతా వింది. కంచాలన్న కలం మూతపెట్టి రిజిస్టరు మీద ఉంచాడు. పందొమ్మిదేళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా రాని మనిషి, రావలసిన పదమూడు రోజుల కూలి కూడా అడక్కుండా గేటు దాటాడు. ఇంటికెళ్లి భార్యను వెలుగులో కూర్చోబెట్టి, పెదాలు కనబడేలా పొద్దుటి మాట మళ్లీ చెప్పమనాలి.

మర్నాడు ఆ ప్రెస్సు మీదికి వేరే మనిషి వచ్చాడు. దెబ్బ పడినప్పుడల్లా పక్కన సన్నగా ఏదో ఘల్లుమంటోంది. అది కంచాలన్న మంచినీళ్ల కూజా మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఏళ్ల తరబడి అది అలాగే మోగుతోందనీ, కావాలనే మోగనిస్తున్నాడేమో అనుకున్నామనీ పక్క ప్రెస్సువాడు చెప్పాడు. కొత్త మనిషి గ్లాసు తీసి కింద పెట్టాడు. మీట లాగాడు. నేల మీద కూడా గ్లాసు ఘల్లుమంది.