గొంతు తాగే ఫోను

గవరయ్య మంచం పక్కనున్న ఫోను అతని గొంతు తాగుతోంది. ఆ సంగతి వరహాలమ్మకి ఒక పొద్దున్న, మొగుడి నోట్లో ఇడ్లీ ముక్క పెడుతుండగా తెలుస్తుంది. చట్నీ వెయ్యమని అతను పెదాలు కదుపుతాడు. మాట రాదు. ఫోను మాత్రం గుటక వేస్తుంది.

గవరయ్యది మామూలు గొంతు కాదు. విజయనగరం కోర్టులో బంట్రోతు ఉద్యోగం మొత్తం ఆ గొంతుతోనే వెళ్లదీశాడు. గుమాస్తా చెవిలో పేరు ఊదితే చాలు, గుమ్మంలోకొచ్చి మూడుసార్లు పిలిచేవాడు. ఎంత మొండిఘటమైనా సరే, టీకొట్టు దగ్గర సగం తాగిన గ్లాసు వదిలేసి వచ్చి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఒడిశా పారిపోయిన ముద్దాయిలు కూడా నిద్రలో నడుచుకుంటూ వచ్చేసేవారు.

ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఈ పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో పడ్డాడు. బొబ్బిలిలో కూతురు పైడమ్మకి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డ చెవిలో పేరు తాతే పిలవాలని ఆ పిల్ల పట్టు. అందుకే రోజూ ఫోను చేసి, తండ్రితో కబుర్లు చెప్పి, గొంతు బాగుందో లేదో చూసుకునేది. అలా చూసుకుంటుండగానే ఆ గొంతు అయిపోయింది.

వరహాలమ్మ చెయ్యి కడుక్కుని కింద సదుపాయాల కౌంటరుకి వెళుతుంది. అక్కడ మెడలో స్కార్ఫు కట్టుకున్న అమ్మాయి నవ్వుతూ కూర్చుని ఉంటుంది.

"మా మావ గొంతు ఏటయిపోనాదమ్మా?"

"ఏమీ అవలేదమ్మా. ఫోను ఛార్జీ కింద తీసుకున్నాం."

"మరి డబ్బులు కట్టించుకున్నారు కదేటి?"

"అవి గదికి. డబ్బు అందరి దగ్గరా ఉండదు కదమ్మా. పేదవాళ్లు ఇబ్బంది పడకూడదని మా ఛైర్మన్ గారే ఈ పద్ధతి పెట్టారు. ఫోనుకి గొంతు, టీవీకి చూపు, పార్కింగుకి దారి."

"ఆ ముక్క బోర్డు మీద రాయనేదేటి?"

"రాస్తే చదవడానికి మీకు చూపు ఖర్చవుతుంది. మీ మేలు కోరే రాయలేదు."

వరహాలమ్మ ఆ మాటని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంది. ఎక్కడా తప్పు దొరకదు. తప్పు దొరకనందుకే ఆమె ఒళ్లు మండిపోతుంది.

బయటికొచ్చి చూస్తే మోపెడ్ పెట్టిన చోటే ఉంది. గేటు అవతల రోడ్డు మాత్రం కొబ్బరిబొండాల బండి దాకానే ఉంది. అక్కణ్నించి ఇంటికెళ్లే దారి లేదు. దారి ఉండాల్సిన చోట ఇస్త్రీ చేసినట్టు సాపుగా ఆకాశం ఉంది. కాకి ఒకటి దాని మీద నడవబోయి, ఆలోచించి, వెనక్కి తిరుగుతుంది.

"బండి తీసేస్తాను బాబూ," అంటుంది పార్కింగు మనిషితో.

"తీసి ఎక్కడికెళ్తారు పిన్నిగారూ? దారి లేదుగా," అంటాడతను నిజంగా జాలిపడి. "దారి వచ్చేదాకా ఇక్కడే ఉంచండి. ఉంచితే మళ్లీ ఛార్జీ పడుతుందనుకోండి."

పైకి వెళ్లేసరికి పక్కమంచం సింహాద్రి టీవీ చూస్తున్నాడు. గోడకున్న ఆ టీవీ ఎప్పుడూ ఆగదు. కట్టేసే మీట గదిలో లేదు. సింహాద్రి పెళ్లాం జయమ్మ కారియరు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"తప్పుకోమ్మా, మా ఆవిడ వచ్చే వేళయింది," అంటున్నాడు సింహాద్రి ఆమెతో.

జయమ్మ తప్పుకుంటుంది. ఆమె మొహం టీవీలో, సబ్బుల ప్రకటనకీ నూనెల ప్రకటనకీ మధ్య, ఒక్క క్షణం కనబడి పోతుంది.

సరిగ్గా అప్పుడు గవరయ్య గొంతు వినిపిస్తుంది. మంచం మీంచి కాదు, కిటికీలోంచి. కింద షామియానాలో ఆసుపత్రి కొత్త భవనానికి ప్రారంభోత్సవం జరుగుతోంది. మైకులో ఛైర్మన్ విశ్వంభర్ మాట్లాడుతున్నాడు. "ఈ ఆసుపత్రి మీ సొంత ఇల్లు అనుకోండి!" అంటున్నాడు. కోర్టు గోడలు అదిరే గొంతు, వరహాలమ్మని పెళ్లిచూపుల్లో పేరడిగిన గొంతు. గవరయ్య మంచం మీద లేచి కూర్చుంటాడు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఎవరో తన చొక్కా వేసుకుని తన ఎదురుగానే తిరుగుతున్నట్టు చూస్తాడు.

"నువ్వు పడుకో మావా. నాను సూసుకుంతాను."

వరహాలమ్మ కొంగు బిగించి మెట్లు దిగుతుంది. ఆమె దిగుతుంటే మెట్లు పెరుగుతాయి. అయినా ఆమె కోపం వాటికంటే పొడుగు. షామియానాలో జనాన్ని తోసుకుని వేదిక వెనక్కి వెళ్లి, ప్రసంగం ముగించి కూర్చున్న ఛైర్మన్ పక్కన ఒంగుతుంది. గుమాస్తాలు చేసేటట్టే అరచెయ్యి అడ్డం పెట్టి, అతని చెవిలో మెల్లిగా ఊదుతుంది:

"ఛైర్మన్ విశ్వంభర్."

ఆ గొంతుకి ఎన్నో ఏళ్ల అలవాటు. చెవిలో పేరు పడితే ఆగలేదు. ఛైర్మన్ నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

"ఛైర్మన్ విశ్వంభర్! ఛైర్మన్ విశ్వంభర్! ఛైర్మన్ విశ్వంభర్! హాజరు కావాలోయ్!"

పిలుపు షామియానా గుంజల్ని ఊపుతుంది. ఛైర్మన్ కాళ్లు లేస్తాయి. మెడలో దండతోనే వేదిక దిగి, చుట్టూ తిరిగొచ్చి, వరహాలమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. పిలిచిందీ తనే, వచ్చిందీ తనే అని అతని మొహంలో గాభరా. సభలో పెద్దలు ఇది కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొడతారు.

"ఆ గొంతు ఎవరిది?" అంటుంది వరహాలమ్మ.

"గవరయ్యది." ఆ గొంతుకి బోనులో అబద్ధం చెప్పడం రాదు.

"నడు."

గదిలోకి తీసుకొచ్చి అతన్ని ఫోను పక్కన కూర్చోబెడుతుంది. మాట్లాడేవైపు అతని నోటికి ఆనించి, వినేవైపు మొగుడి నోటికి ఆనిస్తుంది.

"మాటాడు."

"ఏం మాట్లాడను?"

"పేదోల్ల కోసం ఏటేటి సేసినావో అన్నీ సెప్పు."

ఛైర్మన్ చెబుతాడు. పేదల కోసం కట్టిన అంతస్తులూ, తెప్పించిన మిషన్లూ, తీయించుకున్న ఫొటోలూ చెబుతాడు. చెప్పిన కొద్దీ గొంతు సన్నబడుతుంది. ఇవతల గవరయ్య గుటకలు మింగుతున్నాడు. చివరికి "సేవే నా..." అన్న దగ్గర ఛైర్మన్ మాట తెగిపోతుంది. తన సొంత గొంతుని వెతుక్కుంటూ తనలోపలికి వెళతాడు. ఎన్నాళ్లనుంచో వాడకపోవడంతో అది లోపలే చచ్చిపోయి ఉంది.

గవరయ్య దగ్గుతాడు. "ఒలే," అంటాడు. ఆ ఒక్క మాటకి గది కిటికీలన్నీ తెరుచుకుంటాయి.

జయమ్మ ఏడుస్తూ టీవీ దగ్గరికి పరుగెడుతుంది. ఆడాళ్లిద్దరూ కలిసి దాన్ని గోడమీంచి పెరికి, నీళ్లకుండ వంపినట్టు వంపుతారు. మొహాలు జారి నేలమీద పడతాయి. అమ్మలవీ, మనవలవీ, ఒకావిడ కుక్కపిల్లదీ. సింహాద్రి వాటిలో చెయ్యి పెట్టి తడిమి, తలెత్తి, "అన్నం తెచ్చావా జయా," అంటాడు.

ఛైర్మన్ రెండు చేతులూ జోడిస్తాడు. కంఠం లేని మనిషి దణ్ణం చాలా పెద్దగా కనబడుతుంది.

గవరయ్య మెత్తని మనిషి. "పోనీలే వరాలూ. నా గొంతు నాకొచ్చీసింది కదా. ఒగ్గీయ్," అంటాడు.

"నీ గొంతు నీకొచ్చింది మావా. నా కోపం నాకుంది."

ఆమె ఛైర్మన్‌ని మోచెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళుతుంది. తన మోపెడ్ తీసి, ఆ ఖాళీలో అతన్ని నిలబెడుతుంది. పార్కింగు మనిషికి సొంత యజమానిని గుర్తుపట్టే పద్ధతి లేదు. నిలబెట్టిన ప్రతిదానికీ టోకెను ఇవ్వడమే అతనికి తెలుసు. టోకెను చింపి ఛైర్మన్ కోటు బొత్తానికి తగిలిస్తాడు.

"ఎంతసేపు ఉంచుతారు పిన్నిగారూ?"

"నాను తిరిగొచ్చీదాకా," అంటుంది వరహాలమ్మ. తిరిగొచ్చే ఉద్దేశం ఆమెకి లేదు. ఆ మాట అంటున్నప్పుడు నాలిక మీద బెల్లం పెట్టుకున్నట్టుంటుంది.

పార్కింగు ఛార్జీ కింద కోసుకున్న దారులన్నీ సెల్లారులో చాపల్లా చుట్టి పేర్చి ఉన్నాయి. గవరయ్యతో పాటు రోగులందరూ సెలైను స్టాండ్లతోనే దిగొచ్చి, ఎవరి దారి వాళ్లు వాసనపట్టి తీసుకుని భుజాన వేసుకుంటారు. వరహాలమ్మ చుట్ట విప్పి చూస్తే దారంతా క్షేమంగానే ఉంది. వీధి కుళాయి కారుతోంది, నల్లమేక పోస్టరు నములుతోంది. చివర్న ఒకే ఒక చుట్ట మిగులుతుంది. ఇప్పుడే కోసినది, తారింకా వెచ్చగా ఉంది, రెండు పక్కలా గుల్‌మొహర్ చెట్లు. ఛైర్మన్ ఇంటికెళ్లే దారి. దాన్ని కూడా ఆమె చంకన పెట్టుకుంటుంది.

పైడమ్మకి ఆడపిల్ల పుడుతుంది. గవరయ్య బిడ్డ చెవిలో పేరు పిలుస్తాడు. ఆ పిల్ల వెంటనే కళ్లు తెరిచి, పిలిచిన పని ఏమిటన్నట్టు చూస్తుంది.

ఎండలు ముదిరాక వరహాలమ్మ ఆ మిగిలిన దారిని డాబా మీద పరిచి, దాని మీద మిరపకాయలు ఎండబెడుతుంది. మిట్టమధ్యాహ్నం దారి అవతలి కొసనుంచి పట్టుచీర గరగరతో ఒక ఆడగొంతు పిలుస్తుంది.

"ఏవండీ, భోజనానికి రారా?"

"ఆయన పార్కింగులో ఉన్నాడమ్మా," అని వరహాలమ్మ మర్యాదగా జవాబిస్తుంది.

మిరప ఘాటుకి దారి తుమ్ముతుంది. తుమ్మినప్పుడల్లా దాని కొసనున్న బంగళా ఒక గది మేర ఇటు జారుతుంది. ముందు వరండా వచ్చింది, తర్వాత హాలు వచ్చింది, ఇప్పుడు గోడ అంచు పట్టుకుని వంటిల్లు పైకి ఎక్కుతోంది. వరహాలమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, కాయల్ని కాలితో తిరగేసి, ఇంకో బస్తా విప్పుతుంది.